ఉన్నది ఏది? లేనిది ఏది? మూడు గీతల చరిత్ర

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు పట్టణమునకు సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. ఆనాటి చంద్రుని నీడ ఏడెను మీదుగా వచ్చి, దక్కను పీఠభూమిని దాటి, గుంటూరు, మచిలీపట్టణములను తాకి, బంగాళాఖాతముపై సాగి సయాము దేశమును చేరినది. ఆ కొద్ది నిమిషముల చీకటి కొరకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చెను. ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట విడిసి, దూరదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చుకొని వేచియుండెను. అదే పట్టణమున టెనెంట్ అను సైనికాధికారి నాయకత్వమున ఒక బ్రిటిషు బృందమును సిద్ధముగా నుండెను. మచిలీపట్టణమున మదరాసు నక్షత్రశాల అధిపతియగు పోగ్సన్ కాచుకొని యుండెను.

సూర్యబింబము పూర్తిగా మరుగుపడగానే దాని అంచున ఎర్రని జ్వాలాశిఖలు కనబడినవి. వాటి కాంతిని వర్ణపటదర్శినిలో చూచినపుడు ప్రకాశవంతములైన కొన్ని గీతలు తోచినవి. వాటిలో ఒకటి పసుపుపచ్చనిది.

ఆ గీతయు, దాదాపు అదే కాలమున ఆకసమున కనబడిన మరి రెండు గీతలును మూడు కొత్త మూలకముల పేర్లకు కారణమైనవి. ఆ పేర్లు హీలియం, నెబ్యూలియం, కరోనియం. నేడు మొదటిది ప్రతి రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకమునను కలదు. మిగిలిన రెండును ఏ మూలకముల పట్టికయందును లేవు. అయినను మొదట మూడింటికిని ఉండిన సాక్ష్యము ఒక్కటే: ఎవ్వరును గుర్తింపలేని ఒక గీత. అట్లయినచో ఒకటి ఉన్నదని, రెండు లేవని ఎట్లు తేలెను? ఒక వస్తువు నిజముగా ఉన్నదనుటకు శాస్త్రమున అర్థమేమి? ఈ ప్రశ్నకు మూడు గీతల చరిత్ర చక్కని సమాధానము చెప్పును.

గీత అనగా నేమి?

సూర్యకాంతిని గాజుపట్టకము గుండా పంపినచో అది రంగుల పట్టీగా విడిపోవునని విద్యార్థులు ఎరుగుదురు. 1814లో జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ ఆ పట్టీని మిక్కిలి శ్రద్ధతో పరిశీలించి, అందు వందలకొలది నల్లని సన్నగీతలు ఉన్నట్లు కనుగొనెను. అవి ఏల ఉన్నవో ఆయనకు తెలియలేదు. 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త కోంట్, నక్షత్రములలో ఏయే పదార్థములున్నవో మానవుడు ఎన్నటికిని తెలిసికొనజాలడని వ్రాసెను. ఆ మాట పాతికేండ్లయినను నిలువలేదు.

1859లో హైడెల్‌బర్గు నగరమున కిర్కాఫ్, బున్సెన్ అను నిరువురు ఆ గీతల రహస్యమును విప్పిరి. పొయ్యిమంటలో ఉప్పుగల్లు పడినపుడు మంట పసుపుపచ్చగా మారుట అందరును చూచినదే. ఆ రంగు ఉప్పులోని సోడియముది. ఆ మంటను పట్టకము గుండా చూచినచో పసుపుపచ్చ భాగమున చేరువచేరువగా రెండు గీతలు మెరయుచుండును. ఇట్లే వాయురూపమున వేడెక్కిన ప్రతి మూలకమునకును తనదైన గీతల వరుస కలదు. ఒకదాని వరుస మరియొకదానికి ఉండదు. కావున గీతలను చూచి మూలకమును గుర్తింపవచ్చును. అది చేతిలో ఉన్నను, కోట్ల మైళ్ల దూరమున సూర్యునిలో ఉన్నను ఒక్కటే.

ఆ ఇరువురే 1860లో ఒక ఊటనీటి శేషమున ఎన్నడును చూడని నీలిగీతలను చూచిరి. కొత్త మూలకమున్నదని ప్రకటించి ఊరకుండక, సుమారు 40 టన్నుల నీటిని ఇగిర్చి, కొద్ది గ్రాముల సీసియం లవణమును తీసి చూపిరి. మరుసటి యేడు ఎర్రగీతల జాడననుసరించి రుబీడియమును కనుగొనిరి. ముందు గీత, వెనుక వస్తువు. కొండమీది పొగను చూచి నిప్పున్నదని ఊహించుట తర్కశాస్త్రమున ప్రసిద్ధమైన ఉదాహరణము. గీత పొగ వంటిది, మూలకము నిప్పు వంటిది. ఈ రెండు పర్యాయములును కొండ ఎక్కి చూడగా నిప్పు కనబడెను.

కాని ఎక్కుటకు వీలులేని కొండమీద పొగ కనబడినచో ఏమి చేయవలెను?

ఆకసమున మూడు గీతలు

మొదటి సమస్య 1864లో వచ్చినది. లండను నగరమున తన ఇంటివద్దనే నక్షత్రశాలను నెలకొల్పుకొన్న హగిన్స్, డ్రాకో నక్షత్రమండలములోని ఒక నీహారికవైపు వర్ణపటదర్శినిని త్రిప్పెను. నక్షత్రముల గుంపు అయినచో రంగులపట్టీ కనబడవలెను. దానికి బదులు కొద్ది గీతలే కనబడినవి. కావున ఆ నీహారిక వేడెక్కిన వాయువని స్పష్టమైనది. కాని అందలి ముఖ్యమైన రెండు ఆకుపచ్చ గీతలు భూమిపై తెలిసిన ఏ మూలకముతోను సరిపోలేదు. తరువాతి కాలమున ఆ తెలియని పదార్థమును నెబ్యూలియం అనిరి. నీహారికకు లాటిను భాషలోని పేరునుండి ఈ మాట పుట్టినది.

రెండవది 1868 నాటి పసుపుపచ్చ గీత. గుంటూరున జాన్సెన్ దృష్టి ప్రధానముగా మరియొక విషయముపై నిలిచినది. జ్వాలాశిఖల గీతలు మిక్కిలి కాంతివంతముగా ఉండుటచే, గ్రహణము లేకున్నను వాటిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాడు ఆగస్టు 19న పూర్తి సూర్యకాంతిలోనే వాటిని చూచెను. ఈ సంగతిని సెప్టెంబరులో కాకినాడనుండి పారిస్ అకాడమీకి వ్రాసెను. అదే ఉపాయము ఇంగ్లండులో యుద్ధ కార్యాలయమున గుమాస్తాగా పనిచేయుచుండిన లాక్యర్ అను నతనికి స్వతంత్రముగా తట్టినది. అతడు అక్టోబరు 20న అట్లే చూచెను. ఇరువురి సమాచారమును అక్టోబరు 26వ తేదీ నాటి సభకే అందినది. అకాడమీ వారు ఇరువురి ముఖచిత్రములతో 1872లో ఒక పతకమును ముద్రించి గౌరవించిరి.

హీలియం గుంటూరులో కనుగొనబడెనని చెప్పుట వాడుకలో ఉన్నది. ఇచట కొంత జాగ్రత్త అవసరము. గ్రహణమునాడు పసుపుపచ్చ గీతను చూచినవారిలో పలువురు అది సోడియం గీతయే అని తలచిరి. పోగ్సన్ మాత్రము అది సోడియం గీతవద్దనో, దాని చేరువనో ఉన్నదని వ్రాసెను. ఆ తేడాను కొలిచి, అది సోడియం గీత కాదని నిశ్చయించిన వాడు లాక్యర్. కాంతి తరంగదైర్ఘ్యమును కొలుచుటకు వాడు ఆంగ్‌స్ట్రాము అనునది సెంటీమీటరులో పదికోట్లవ వంతు. సోడియం జంటగీతలు సుమారు 5890, 5896 ఆంగ్‌స్ట్రాముల వద్ద ఉండును. కొత్త గీత 5876 వద్ద ఉండెను. రసాయనవేత్తయగు ఫ్రాంక్‌లండ్ సహాయమున లాక్యర్ ఉదజనిని, అనగా హైడ్రోజనును, పలువిధములైన పీడనములయందు వెలిగించి చూచెను. ఎంత చేసినను ఆ గీత రాలేదు. 1871లో ఎడింబరో నగరమున జరిగిన బ్రిటిషు అసోసియేషను సభలో అధ్యక్షోపన్యాసము చేయుచు విలియం థామ్సన్, ఆ ఇరువురును సూచించుచున్న కొత్త పదార్థమును హీలియం అను పేరుతో పేర్కొనెను. గ్రీకు భాషలో హీలియోస్ అనగా సూర్యుడు. అయినను ఫ్రాంక్‌లండ్ దానిని మూలకమనుటకు వెనుకాడుచునే యుండెను.

మూడవది 1869 ఆగస్టు 7న అమెరికాలో కనబడిన గ్రహణము నాటిది. సంపూర్ణ గ్రహణ సమయమున సూర్యుని చుట్టును వెండివలె వెలుగు కాంతిమండలమును కరోనా అందురు. యంగ్, హార్క్‌నెస్ అను నిరువురు వేరువేరుగా కరోనా కాంతిలో ఒక ఆకుపచ్చ గీతను చూచిరి. ఆ చోటున ఇనుపగీత ఒకటి ఉండుటచే మొదట కొంత సందేహము కలిగినది. 1876లో మరింత సూక్ష్మముగా చూడగా రెండును వేరని తేలెను. ఇనుము కాదు కనుక ఇదియు కొత్త మూలకమే కావలెనని తలచి, తరువాత కరోనియం అని పేరిడిరి.

ఇరువదియేడేండ్ల నిరీక్షణ

1880లో ఒక విద్యార్థి తన ఉపాధ్యాయుని, ఈ మూడు గీతలకు కారణములైన పదార్థములు నిజముగా ఉన్నవా అని అడిగియున్నచో ఏమి సమాధానము వచ్చియుండును? నిజాయితీగల ఉపాధ్యాయుడు తెలియదనియే చెప్పవలసియుండెను. మూడు గీతలును పలువురు చూచినవే. మూడును కొలువబడినవే. ఏ ఒక్కటియు కండ్ల భ్రమ కాదు. మూడింటికిని ఆ కాలమున సాక్ష్యము సమానము. కావున లాక్యర్ ధైర్యమును మెచ్చుకొని, ఫ్రాంక్‌లండ్ సంకోచమును పిరికితనముగా భావించుట న్యాయము కాదు. గీత ఉన్నదని చెప్పుట ఒకటి, దాని వెనుక ఫలానా వస్తువు ఉన్నదని చెప్పుట వేరొకటి.

ఈ స్థితి 1895లో మారినది. అంతకు కొలదికాలము ముందే రాలీ, రామ్సే అను శాస్త్రజ్ఞులు గాలిలో ఆర్గాను అను జడవాయువును కనుగొనియుండిరి. అది ఖనిజములలో కూడ దొరకునేమో యని రామ్సే వెదకుచుండెను. యురేనియం ఖనిజమును ఆమ్లముతో మరిగించినపుడు ఒక వాయువు వచ్చునని, అమెరికాలో హిల్లెబ్రాండ్ చూచి, దానిని నత్రజనిగా భావించియుండెను. ఈ సంగతి తెలిసి రామ్సే, నార్వే దేశపు క్లీవైటు అను ఖనిజముతో ఆ ప్రయోగము చేసెను. వచ్చిన వాయువును శుద్ధిచేసి, గాజుగొట్టములో ఉంచి, విద్యుత్తుతో వెలిగించెను. ఒక పసుపుపచ్చ గీత మెరసెను. పక్కన సోడియమును పెట్టి పోల్చగా రెండును కలియలేదు. వాయువు మాదిరిని వర్ణపటశాస్త్రమున ఆరితేరిన క్రూక్స్‌నకును, లాక్యర్‌నకును పంపెను. అది సూర్యుని గీతయే అని క్రూక్స్ కొలిచి తెలిపెను. అదే సంవత్సరమున స్వీడనులోని ఉప్సాలాయందు క్లేవే, లాంగ్లెట్ అనువారు స్వతంత్రముగా ఆ వాయువును పొంది, దాని పరమాణుభారమును నిర్ణయించిరి.

కథ ఇంతటితో ముగియలేదు. జర్మనీలో రుంగె, పాషెన్ అనువారు క్లీవైటు వాయువు గీతను ఇంకను సూక్ష్మముగా పరిశీలించి, అది ఒంటిగీత కాదని, దాని చెంతనే మరియొక మసకగీత ఉన్నదని కనుగొనిరి. సూర్యుని గీత ఒంటిదని అందరి నమ్మకము. రెండును ఒకే పదార్థమువి అయినచో సూర్యుని గీతకును తోడు ఉండవలెను, లేనిచో ఈ వాయువు సూర్యుని హీలియం కాదు. ఇది కఠినమైన పరీక్ష. ఓడిపోవుటకు పూర్తి అవకాశమున్న పరీక్ష. 1895లోనే అమెరికాలో హేల్, ఇంగ్లండులో హగిన్స్ సూర్యుని గీతను తిరిగి చూచిరి. తోడు కనబడినది.

ఆ పిమ్మట హీలియం ఎవ్వరును పిలువని తావులనుండి కూడ పలికినది. రేడియోధార్మిక పదార్థములనుండి వెలువడు ఆల్ఫాకణములను రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ పలుచని గాజుగోడ గుండా ఒక గొట్టములోనికి పోనిచ్చి వెలిగింపగా అందు హీలియం గీతలు వచ్చినవి. ఈ ఫలితము 1909లో ప్రకటింపబడినది. యురేనియం ఖనిజమున హీలియం ఏల దాగియున్నదో దీనివలన తెలిసినది. 1908 జులై 10న లైడెను నగరమున కామర్లింగ్ ఓన్నెస్ ఆ వాయువును సుమారు సున్నకు దిగువ 269 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ద్రవముగా మార్చెను. నేడు ఆస్పత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను చల్లబరచుటకు ఆ ద్రవమునే విరివిగా వాడుచున్నారు. సూర్యునిలో పసుపుపచ్చ గీతగా మొదలైనది తూకమునకు, గొట్టమునకు, చలికి, అయస్కాంతమునకు వేరువేరుగా బదులు చెప్పినది.

నెబ్యూలియం గతి

మిగిలిన రెండు గీతలకు ఇట్టి భాగ్యము పట్టలేదు. ఎన్ని ఖనిజములను కరగించినను, ఎన్ని వాయువులను వెలిగించినను అవి భూమిపై కనబడలేదు. కరోనియం హైడ్రోజనుకంటె తేలికయైన వాయువు కావచ్చునని మెండెలియెఫ్ వంటి మహారసాయనవేత్తయే తన చివరి దినములలో ఊహించెను. కాని 1913లో మోస్లే ఎక్స్‌రేల సహాయమున మూలకములకు వరుసగా పూర్ణసంఖ్యలున్నవని చూపెను. ఒకటవది హైడ్రోజను, రెండవది హీలియం. నడుమ ఒకటిన్నర యను సంఖ్య లేదు. పంక్తిలో విస్తళ్లన్నియు లెక్కింపబడినవి. తేలికమూలకములలో కొత్త అతిథికి చోటులేదు.

అంతలో మరియొక దారి తెరచుకొనెను. 1920లో మేఘనాథ్ సాహా నక్షత్రములలో పరమాణువులు వేడిమివలన ఎలక్ట్రానులను ఎట్లు పోగొట్టుకొనునో లెక్కగట్టి చూపెను. ఎలక్ట్రానులను కోల్పోయిన పరమాణువు గీతలు మారిపోవును. అనగా పాత మూలకమే కొత్త వేషమున కనబడవచ్చును.

1927లో అమెరికాలో బోవెన్ నీహారికల చిక్కును విప్పెను. ఆకుపచ్చ గీతలు రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న ఆమ్లజనివి, అనగా ఆక్సిజనువి. ఆ పరమాణువు ఒక ప్రత్యేకస్థితినుండి ఆ కాంతిని వెలువరించుటకు కొన్ని సెకండ్లు మొదలు నిమిషము వరకు కదలింపులేక వేచియుండవలెను. భూమిపై ఎంత పలుచని వాయువునందైనను అంతలో మరియొక పరమాణువు వచ్చి దానిని ఢీకొనును. కాని ఇట్టి నీహారికలలో ఒక ఘన సెంటీమీటరునకు కొన్నివేల పరమాణువులు మాత్రమే ఉండును. పరమాణువునకు తీరిక దొరకును, గీత వెలుగును. ప్రయోగశాలలో కొరవడినది కొత్త పదార్థము కాదు, అంతటి శూన్యము.

కరోనియం చివరకు ఏమైనది?

కరోనా గీత మరి పదునైదేండ్లు మొండికెత్తినది. 1939లో జర్మనీకి చెందిన గ్రోత్రియన్ దారి చూపగా, 1940 దశాబ్ది మొదటిలో స్వీడనుకు చెందిన ఎడ్లెన్ దానిని ఛేదించెను. విద్యుత్ మెరుపులలో మిక్కిలి వేడెక్కిన లోహపు పరమాణువుల శక్తిస్థాయిలను ప్రయోగశాలలో కొలిచి, వాటినిబట్టి ఆయన లెక్కగట్టెను. 5303 ఆంగ్‌స్ట్రాముల వద్దనున్న ఆ ఆకుపచ్చ గీత ఇనుముది. ఇనుపపరమాణువునకు గల 26 ఎలక్ట్రానులలో సరిగా సగము, అనగా 13, ఊడిపోయినచో వచ్చు గీత అది. మొదట ఇనుపగీతయేమో యని సందేహించి కాదన్న చోట, చివరకు ఇనుమే బయటపడుట ఈ చరిత్రలోని చమత్కారము. నాడు పోల్చిన ఇనుపగీత మాత్రము వేరే.

ఇనుమునుండి 13 ఎలక్ట్రానులు ఊడవలెనన్న పది, ఇరువది లక్షల డిగ్రీల వేడిమి కావలెను. సూర్యుని ఉపరితలము సుమారు 5,500 డిగ్రీలు మాత్రమే. పొయ్యికి దూరముగా పోయినకొలది వేడి హెచ్చినట్లు, సూర్యుని వెలుపలి కరోనా ఉపరితలముకంటె వందలరెట్లు వేడియై యుండుటకు కారణమేమి? లేని మూలకమును వెదకబోయిన శాస్త్రమునకు ఎవ్వరును ఊహింపని ఒక నిజము ఎదురైనది. దాని కారణమునుగూర్చి నేటికిని పరిశోధనలు జరుగుచునే యున్నవి.

ఉనికికి సాక్ష్యము

ఈ మూడు గీతల చరిత్రలో కొన్ని మెలకువలు కలవు. మొదటిది, పేరు పెట్టినంతమాత్రమున వస్తువు ఉండదు. మూడింటికిని పేర్లున్నవి. రెండవది, కంటికి కనబడుటయే ఉనికి కాదు. హీలియం పరమాణువును లాక్యర్ గాని, రామ్సే గాని చూడలేదు. మూడవది, కనబడినది నిజమైనను దానికి చెప్పిన అర్థము తప్పు కావచ్చును. త్రాటిని చూచి పామనుకొన్నవాడు శూన్యమును చూడలేదు, త్రాటినే చూచెను. కరోనియమును నమ్మినవారు చూచినది నిజమైన కాంతియే. పొగ ఉన్నది, దాని క్రింద తాము తలచిన నిప్పు లేదు.

హీలియం నిలచుటకు కారణము అది ఒకే వాకిట నిలువక పలువాకిళ్ల బదులు చెప్పుట. ఖగోళవేత్తకు గీతగా, రసాయనవేత్తకు భారముగా, భౌతికశాస్త్రజ్ఞునకు ఆల్ఫాకణముగా అది దొరికినది. ఆ పరీక్షలు వేరువేరు దేశములలో, వేరువేరు దారులలో జరిగినవి. జంటగీత పరీక్షలో ఓడిపోయియుండవచ్చును, కాని ఓడిపోలేదు. శాస్త్రమున ఒక వస్తువు ఉన్నదనుటకు ఇదే తగిన అర్థము. అది ఒకరి కోరికపై గాక, ఎవరు ఏ దారిన ప్రశ్నించినను ఒకే తీరున బదులు చెప్పవలెను. ఆ బదులు వచ్చువరకు ఉన్నదని గాని, లేదని గాని తొందరపడక, తెలియదని చెప్పగల ఓర్పు కూడ శాస్త్రములో భాగమే.

ఈ దృష్టితో చూచినచో గుంటూరునకు రావలసిన కీర్తి తగ్గదు. అచట కనుగొనబడినది మూలకము కాదు. గ్రహణము లేకయే సూర్యుని ప్రశ్నించు మార్గము అచట తెరచుకొనెను. ఆ మార్గముననే లాక్యర్ పసుపుపచ్చ గీతను కొలిచెను.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 అను ఉపగ్రహము బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమునగల తన కక్ష్యను చేరినది. అందలి ముఖ్యమైన పరికరము తన లోపలనే ఒక అడ్డుబిళ్లతో నిత్యమును గ్రహణమును కల్పించుకొని కరోనాను చూచును. దానిని నిర్మించినది బెంగుళూరులోని భారత ఖభౌతిక సంస్థ. పోగ్సన్ అధిపతిగా నుండిన మదరాసు నక్షత్రశాలనుండి పెరిగి వచ్చిన సంస్థ అదియే. ఆ పరికరము పరిశీలించుటకు ఏర్పరచిన గీతలలో ఒకటి 5303 ఆంగ్‌స్ట్రాముల ఆకుపచ్చ గీత. కరోనియం లేదు, ఎన్నడును లేకుండెను. దాని గీత మాత్రము ఉన్నది. సూర్యుని వేడిమినిగూర్చి నేటికిని సాక్ష్యము చెప్పుచున్నది.